డెసిమేట్: ఈ మాట వాడాలంటే ఎంతో కొంత మిగలాలి

ఇంగ్లిష్‌లో డెసిమేట్ అనే క్రియను జీఆర్ఈ పదాల పట్టికలో బట్టీపట్టినవాళ్లు "నాశనం చేయు" అని గుర్తుపెట్టుకుంటారు. రోమన్ చరిత్ర కాస్త చదివినవాళ్లు "పదిమందిలో ఒకణ్ని చంపు" అంటారు. రెండూ సగం నిజాలే. మొదటిదాన్ని నమ్ముకుంటే కూలిన గోడకీ, పగిలిన ఫోనుకీ ఇదే మాట వాడేస్తాం. రెండోదాన్ని నమ్ముకుంటే ఎదుటివాళ్ల వాక్యాల్లో లేని తప్పులు వెతుకుతూ కూర్చుంటాం. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకీ, ఇంగ్లిష్ వార్తను తెలుగులోకి మార్చే డెస్కువాళ్లకీ ఈ మాట దగ్గర కాళ్లు జారే చోట్లు కొన్ని ఉన్నాయి.

స్పెల్లింగు, పలుకుబడి

డెసిమల్ రాయడం వస్తే ఇదీ వచ్చినట్టే. రెండింటికీ మొదటి ఆరు అక్షరాలూ ఒకటే: డి, ఇ, సి, ఐ, ఎమ్, ఏ. డెసిమల్ చివరి ఎల్ తీసేసి టి, ఇ పెడితే డెసిమేట్. మధ్యలో వినిపించే 'సి' కోసం ఎస్ రాయడం తరచూ దొర్లే తప్పు.

పలికేటప్పుడు ఊనిక మొదటి 'డె' మీద పడాలి. నామవాచకం డెసిమేషన్‌కి వచ్చేసరికి ఊనిక 'మే' మీదికి జరుగుతుంది. 'డిసిమేట్' అని మొదలుపెడితే వినేవాళ్లకి డిసెమినేట్ అన్నట్టు అనిపించవచ్చు. డిసెమినేట్ అంటే నలుగురికీ చేరేలా వెదజల్లడం. రాసేటప్పుడు కూడా ఈ రెండూ తారుమారవుతుంటాయి. శాఖ సమాచారాన్ని ప్రజలకు చేరవేసిందని చెప్పబోయి డెసిమేటెడ్ అని రాస్తే, ఉన్న సమాచారాన్ని ఊడ్చేసిందని అర్థం వస్తుంది.

పదో వంతు లెక్క

లాటిన్‌లో డెకెమ్ అంటే పది, డెకిముస్ అంటే పదోది. సంస్కృతంలోని దశ, దశమలకు ఇవి దాయాది మాటలు. మన 'పది' ద్రావిడం, దానికి వీటితో చుట్టరికం లేదు. కానీ దశాంశం, డెసిమల్ అనే రెండు మాటలూ వెనక్కి నడుచుకుంటూ పోతే ఒకే ఇంటికి చేరతాయి.

డెకిమారే అనే లాటిన్ క్రియకు పదో వంతు తీయడం అని అర్థం. తీసేది పంటైనా, పన్నైనా, ప్రాణమైనా మాట ఒకటే. లాటిన్ బైబిల్లో మత్తయి సువార్త 23వ అధ్యాయం 23వ వచనం చూడండి. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చే పరిసయ్యులు అనే యూదు మతవర్గం గురించి చెప్పడానికి అక్కడ వాడింది ఈ క్రియనే. తెలుగు చర్చిల్లో దశమభాగం అంటున్నది ఆ లెక్కనే. పదో వంతును పక్కకు తీసే అలవాటు మన నేల మీదా ఉండేది: రాయలసీమలో చెరువు తవ్వించి బాగోగులు చూసేవాళ్లకిచ్చిన దశబంధం మాన్యాల పేరులో ఉన్నదీ పదో వంతే. ఇంగ్లండ్‌లో 1655లో క్రామ్‌వెల్ ప్రభుత్వం రాజు పక్షాన నిలిచిన భూస్వాముల ఆదాయం మీద 10 శాతం పన్ను వేసింది. దాని పేరు డెసిమేషన్ టాక్స్. అందులో ఎవరి ప్రాణమూ పోలేదు, డబ్బే పోయింది.

ప్రాణాలు తీసిన పద్ధతి రోమన్ సైన్యానిది. క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ దాన్ని వరసగా వివరించాడు. ఒక దళం మొత్తంగా పారిపోయినా, కాపలా చోటు వదిలేసినా అందరినీ చంపితే సైన్యమే ఉండదు. అందుకని అధికారి దళాన్ని నిలబెట్టి చీట్లు తీయించేవాడు. పేరు వచ్చినవాళ్లు ఒక్కోసారి ఐదుగురు, ఒక్కోసారి ఎనిమిది మంది, ఇరవై మంది. మొత్తమ్మీద తప్పుచేసినవాళ్లలో పదో వంతుకు దగ్గరగా ఉండేలా చూసేవారు. వాళ్లను తోటి సైనికులే దుడ్డుకర్రలతో కొట్టి చంపాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు సంగతి మిగిలిన తొమ్మిది మందిది. వాళ్లకు ఆ రోజు నుంచి గోధుమలు బంద్, యవలే తిండి. సైన్యంలో యవలు గుర్రాల దాణా. పడక కూడా శిబిరం గోడ బయట, రక్షణ లేని చోట. చనిపోయినవాడికి శిక్ష కాసేపట్లో ముగిసిపోతుంది. బతికినవాడు పక్కవాణ్ని తన చేతులతో కొట్టి, గుర్రం తిండి తిని, గోడ అవతల పడుకోవాలి. శిక్ష గురిపెట్టింది వీళ్ల మీద. ఈ మాటలో మిగిలినవాళ్ల లెక్క మొదటినుంచీ ఉందన్నది గుర్తుంచుకుంటే ఇవాళ్టి వాడుకలోని చిక్కులు సగం విడిపోతాయి.

ఈ శిక్ష రోజూ జరిగింది కాదు. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కథనం ప్రకారం క్రీ.పూ. 471లో అప్పియస్ క్లాడియస్ అనే కాన్సుల్ (రోమ్ అత్యున్నత అధికారి), వోల్స్కీలనే పొరుగు తెగతో పోరులో పారిపోయిన తన సైన్యం మీద దీన్ని ప్రయోగించాడు. ఆ తర్వాత బాగా తెలిసిన ఘటన స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు కాలంలోది. ముందుగా పారిపోయిన 500 మందిని రోమన్ సేనాని క్రాసస్ పదేసి మంది చొప్పున 50 గుంపులు చేసి, ఒక్కో గుంపులో చీటీ వచ్చినవాణ్ని చంపించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అంటే చనిపోయింది 50 మంది, మిగిలింది 450 మంది. చాలాకాలంగా మరుగునపడిన శిక్షను క్రాసస్ మళ్లీ బయటికి తీశాడని కూడా ఆయనే చెప్పాడు. క్రీ.పూ. 36లో పార్థియా దండయాత్రలో మార్క్ ఆంటోనీ, క్రీ.శ. 20లో ఆఫ్రికాలో అప్రోనియస్ అనే అధికారి కూడా ఇదే చేశారు.

దీన్ని తలకిందులుగా గుర్తుపెట్టుకునేవాళ్లూ ఉన్నారు: పదిలో తొమ్మిది మందిని చంపి ఒకణ్ని మిగల్చడం అని. రోమన్లకు సంబంధించినంత వరకు అది తప్పు. ఇంజినీరింగ్‌లో మాత్రం ఆ తలకిందుల లెక్కే చెల్లుతుంది; దాని సంగతి చివర్లో.

"పది శాతమే కదా" అనేవాళ్లతో

డెసిమేట్ అని రాయగానే "అంటే సరిగ్గా పదో వంతేగా" అని పట్టుకునే పాఠకుడు ఎక్కడో ఒకచోట తగులుతాడు. ఇంగ్లిష్‌లో ఈ మాట 17వ శతాబ్దంలోనే "పెద్ద భాగాన్ని చంపు, ఊడ్చేయు" అనే అర్థంలోకి జారింది. దాని మీద గట్టి అభ్యంతరాలు వచ్చింది 19వ శతాబ్దంలో. అంటే తప్పు అన్న మాట కంటే తప్పనుకున్న వాడుకే వయసులో పెద్దది. ఇవాళ్టి ఇంగ్లిష్ నిఘంటువులు "పెద్ద భాగాన్ని నాశనం చేయు" అనే అర్థాన్ని ఏ సంకోచమూ లేకుండా ఇస్తున్నాయి. సరిగ్గా పదో వంతు అన్నది రోమన్ చరిత్ర రాసేటప్పుడు తప్ప పెద్దగా కనిపించదు.

తెలుగులో ఇంతకంటే తేలిగ్గా అర్థమవుతుంది. సవాలక్ష అంటే లెక్క ప్రకారం లక్షా పాతిక వేలు. "నాకు సవాలక్ష పనులున్నాయి" అన్నవాణ్ని పట్టుకుని ఎవరూ జాబితా అడగరు. "ప్రాణాలతో బయటపడ్డాం, అదే పదివేలు" అన్న మాటలో రూపాయి కూడా లేదు. డిసెంబర్ పేరులోనూ పదే ఉంది, రోమన్ల ఏడాది ఒకప్పుడు మార్చితో మొదలయ్యేది కాబట్టి. దాన్ని అక్టోబర్ స్థానానికి జరపమని ఎవరూ అడగడం లేదు.

అయినా ఒక మాట. పాఠకుడు అభ్యంతరం చెబుతాడని ముందే తెలిస్తే, ముఖ్యంగా పరిశోధనా పత్రంలోనో, నివేదికలోనో, ఈ మాట వదిలేసి అంకె ఇవ్వడం మేలు. ఎంతమంది పోయారో తెలిసినప్పుడు డెసిమేటెడ్ కంటే ఆ అంకెకే బరువెక్కువ.

వాక్యంలో పెట్టే ముందు

రాయబోయే విషయాన్ని మూడు ప్రశ్నలు అడగండి. అది విడివిడిగా లెక్కపెట్టగల వాటి గుంపేనా? అందులో పెద్ద భాగం పోయిందా? ఎంతో కొంత మిగిలిందా? మూడింటికీ అవునంటే రాయండి.

మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువ వాక్యాలు తప్పుతాయి. సైన్యం, మంద, అడవి, జాతి, తోట, ఉద్యోగులు, జట్టు: ఇవన్నీ గుంపులు. కారు, వంతెన, ఫోను, గుండె, పరువు: ఇవి గుంపులు కావు. ది యాక్సిడెంట్ డెసిమేటెడ్ మై కార్ అంటే ఇంగ్లిష్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది; అక్కడ రెక్డ్ అనాలి. ఒక్క మనిషిని డెసిమేట్ చేయడం కుదరదు. పరీక్షలో ఫెయిలయ్యాక ఐ వాజ్ డెసిమేటెడ్ అని రాస్తే నవ్వొస్తుంది. అక్కడ పడేది డెవస్టేటెడ్. పొదుపు సొమ్ము, బడ్జెట్ లాంటివి సరిహద్దు మీద ఉంటాయి. రూపాయలను లెక్కపెట్టగలం కాబట్టి ఇన్‌ఫ్లేషన్ డెసిమేటెడ్ దెయిర్ సేవింగ్స్ అంటే చాలామంది ఒప్పుకుంటారు.

గుంపుకు మంచి ఉదాహరణ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి కొబ్బరి, జీడి తోటలు భారీగా కూలిపోయాయి. తిత్లీ డెసిమేటెడ్ ది కోకోనట్ గ్రోవ్స్ ఆఫ్ ఉద్దానం అనే వాక్యంలో మాట కుదురుగా కూర్చుంటుంది. చెట్లను ఒకటొకటిగా లెక్కపెట్టవచ్చు, చాలా పడ్డాయి, కొన్ని నిలబడ్డాయి. అదే తుపానులో కోతకు గురైన రోడ్డుకు ఈ మాట వాడకూడదు. రోడ్డు ఒక్కటే, వాష్డ్ అవే అంటే సరిపోతుంది.

మూడో ప్రశ్నను మర్చిపోయినప్పుడు వచ్చే తప్పు కంప్లీట్లీ డెసిమేటెడ్. టోటల్లీ, అటర్లీ కూడా ఇదే కోవ. మాటలోనే కొంత మిగిలిందన్న ధ్వని ఉంటే, ముందు 'పూర్తిగా' తగిలించడం "సగం పూర్తిగా పోయింది" అన్నట్టుంటుంది. అసలేమీ మిగలలేదంటే వైప్డ్ అవుట్ అనండి, అనైహిలేటెడ్ అనండి. రెండోదీ లాటిన్ నుంచే వచ్చింది. నిహిల్ అంటే ఏమీ లేదు. ఎరాడికేట్ కూడా రోమన్ సరుకే: రాడిక్స్ అంటే వేరు, వేళ్లతో సహా పెకలించడం. మశూచికి ఎరాడికేటెడ్ వాడతాం, డెసిమేటెడ్ కాదు, ఎందుకంటే జనంలో ఒక్క కేసూ మిగల్లేదు. ఆల్మోస్ట్ డెసిమేటెడ్ ఇంకో రకం తికమక. "దాదాపు చాలా భాగం పోయింది" అంటే ఎంత పోయినట్టు?

డెవస్టేట్‌తో తేడా కూడా ఇక్కడే తేలుతుంది. డెవస్టేట్ జరిగేది చోటుకీ, మనసుకీ. డెసిమేట్ జరిగేది తలల లెక్కకి. వరద ఊరిని డెవస్టేట్ చేస్తుంది, ఊళ్లోని గొర్రెల మందను డెసిమేట్ చేస్తుంది.

తెలుగు ఆలోచన వల్ల దొర్లే వ్యాకరణ తప్పు

"పంట నాశనమైంది" అని తెలుగులో హాయిగా అంటాం. చేసినవాళ్ల ప్రస్తావన అక్కర్లేదు. ఆ అలవాటుతో ది క్రాప్ డెసిమేటెడ్ ఇన్ ది సైక్లోన్ అని రాస్తే పంటే దేన్నో నాశనం చేసినట్టు మొదలై మధ్యలో ఆగిపోతుంది. డెసిమేట్ సకర్మక క్రియ, దెబ్బ తగిలేది ఒకటి దాని పక్కన ఉండి తీరాలి. ది సైక్లోన్ డెసిమేటెడ్ ది క్రాప్ అనాలి, లేదా ది క్రాప్ వాజ్ డెసిమేటెడ్ అనాలి. రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది.

కారణం చెప్పేటప్పుడు 'బై' వస్తుంది: డెసిమేటెడ్ బై డిసీజ్. ఇదే 'బై' పక్కన అంకె పెడితే చిక్కు. డెసిమేటెడ్ బై 40 పర్సెంట్ అన్నప్పుడు పది లెక్క తెలిసిన పాఠకుడికి పది, నలభై రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. రెడ్యూస్డ్ బై 40 పర్సెంట్ అనేయండి, గొడవ వదులుతుంది. అంకె చెప్పాలనుకుంటే డెసిమేట్ వద్దు. డెసిమేట్ చెప్పాలనుకుంటే అంకె ఇంకో వాక్యంలోకి పోవాలి.

ఐర్లండ్ కరువు మీద రాసే వాక్యాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1841 జనగణనలో దాదాపు 82 లక్షలున్న జనాభా 1851కి సుమారు 65.5 లక్షలకు పడిపోయింది, అంటే 20 శాతం తగ్గుదల. ఫామిన్ డెసిమేటెడ్ ఐర్లండ్స్ పాప్యులేషన్ అనవచ్చు. కానీ ఆ తగ్గుదలలో సుమారు 10 లక్షలు చావులు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఓడలెక్కి వెళ్లిపోయినవాళ్లు. డెసిమేట్ అనగానే పాఠకుడు అందరూ చనిపోయారనుకుంటాడు. వలస కలిసిన చోట రెండు వాక్యాలు ఖర్చుపెట్టక తప్పదు.

ఆటల పేజీలో సంగతి వేరు. 15 మంది జట్టులో నలుగురైదుగురు గాయాలతో పోతే ఇంజరీస్ డెసిమేటెడ్ ది స్క్వాడ్ అనడం ఈ మాటకు దొరికే అచ్చమైన వాడుకల్లో ఒకటి. బౌలర్లు టాపార్డర్‌ను డెసిమేట్ చేశారన్నా బాగుంటుంది. ఇండియా డెసిమేటెడ్ ఆస్ట్రేలియా అన్న హెడ్డింగు మాత్రం ఊపు కోసం వేసిందే. అక్కడ గెలుపు తప్ప పోయిందేమీ లేదు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఒకే తెలుగు మాటతో అన్నిచోట్లా నెట్టుకురావడం కుదరదు. డెస్కు మీద అలవాటుగా పడే మాటలు చాలావరకు డెసిమేట్ కంటే ఒక మెట్టు పైన ఉంటాయి.

రాబందుల వార్తే తీసుకుందాం. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ కళేబరాల్లో ఉండిపోయి, వాటిని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై చనిపోయాయి. 1992, 2007 మధ్య మనదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఇంగ్లిష్ కాపీలో వల్చర్స్ వర్ డెసిమేటెడ్ బై డైక్లోఫెనాక్ అని ఉంటుంది. దాన్ని "డైక్లోఫెనాక్ వల్ల రాబందులు అంతరించిపోయాయి" అని దించితే వార్త తప్పు. అంతరించిపోవడం అంటే ఒక్కటీ లేకపోవడం. రాబందులు ఇంకా ఉన్నాయి, వాటిని పెంచి వదిలే కేంద్రాలూ నడుస్తున్నాయి. "డైక్లోఫెనాక్ దెబ్బకు రాబందులు నూటికి ఒక్కటి కూడా మిగలని స్థితికి వచ్చాయి" అంటే అంకె, తీవ్రత, మిగిలినవాటి ఉనికి మూడూ వచ్చేస్తాయి. నిజానికి ఇక్కడ ఇంగ్లిష్ మాటే కాస్త పలచన: నూటికి తొంభైతొమ్మిది పోయినచోట డెసిమేటెడ్ అనడం తగ్గించి చెప్పడమే అవుతుంది.

మిగతా సందర్భాల్లో ఏది పడుతుందో, ఏది పడదో:

పంట, తోట: "తుడిచిపెట్టుకుపోయింది" అంటే ఏమీ మిగలనట్టు. "చాలావరకు దెబ్బతింది", "సగానికి పైగా నేలకొరిగింది" డెసిమేట్‌కి దగ్గర. ఎకరాల లెక్క చేతిలో ఉంటే అదే రాయాలి.

సైన్యం: "కకావికలైంది" అంటే చెల్లాచెదురైంది, చనిపోయిందని కాదు. "ఊచకోత" అంటే చంపినవాళ్ల క్రౌర్యం ముందుకొస్తుంది. జబ్బుతో సగం మంది పోయిన దళానికి అది అతకదు. "సేనలో పెద్ద భాగం హతమైంది" అని సాదాగా చెప్పడమే మంచిది.

పరిశ్రమ, వ్యాపారం: "కుదేలైంది" చక్కగా సరిపోతుంది. మూతపడలేదు, లేచి నిలబడే స్థితిలోనూ లేదు.

ఉద్యోగులు: "భారీ కోత". ఇంగ్లిష్‌లో డెసిమేటెడ్ ది వర్క్‌ఫోర్స్ అన్నది ప్రాణాల గురించి కాదు కాబట్టి తెలుగులో చావు వాసన రాకూడదు.

జట్టు: గాయాలైతే "సగం జట్టు బెంచీకే పరిమితమైంది" లాంటిది. ప్రత్యర్థిని ఓడిస్తే "చిత్తుచేసింది".

రోమన్ చరిత్ర వచ్చినప్పుడు మాత్రం ఇవేవీ వద్దు. సెనేట్, లీజియన్ (రోమన్ పటాలం) లాంటి మాటల మధ్యలో డెసిమేటెడ్ ఎ కోహార్ట్ అని కనిపిస్తే దాన్ని "దళాన్ని నాశనం చేశాడు" అని దించితే అర్థం తలకిందులవుతుంది. సామ్రాజ్య కాలపు కోహార్ట్‌లో సుమారు 480 మంది ఉండేవాళ్లు. డెసిమేట్ చేస్తే పోయేది 48 మంది, దళం నిలిచే ఉంటుంది. "దళంలో పదికి ఒకరి చొప్పున చీట్లు వేసి చంపించాడు" అని విప్పి రాయాలి. మాట పొడుగైనా పర్వాలేదు.

యంత్రానువాదం ఇక్కడ ఏ అర్థం ఎత్తుకుంటుందో ముందే చెప్పలేం. వాక్యం చుట్టూ రోమ్ ఉందా, పొలం ఉందా, సర్క్యూట్ ఉందా అన్నది చూసుకుని చేత్తో సరిచేయాలి.

సాంకేతిక వాడుక: లెక్క తిరగబడే చోటు

సిగ్నల్ ప్రాసెసింగ్‌లో డెసిమేషన్ అంటే శాంపిళ్ల (శబ్దం లాంటి సంకేతాన్ని వరసగా కొలిచిన విలువల) వేగాన్ని తగ్గించడం. డెసిమేట్ బై 10 అంటే పదింటిలో ఒకటి ఉంచి తొమ్మిది పారేయడం. రోమన్ అధికారి ఒకణ్ని చంపి తొమ్మిది మందిని ఉంచేవాడు. ఇంజినీరు తొమ్మిదింటిని పారేసి ఒకటి ఉంచుతాడు. పత్రం అనువదించేటప్పుడు ఈ తేడా పట్టుకోకపోతే అంకెలన్నీ తప్పుతాయి.

కేవలం శాంపిళ్లు పారేయడాన్ని డౌన్‌శాంప్లింగ్ అంటారు. డెసిమేషన్ అన్నప్పుడు ముందు లో-పాస్ ఫిల్టర్ (ఒక హద్దుకు పైనున్న పౌనఃపున్యాలను ఆపేది) కూడా ఉందని అర్థం. అది ఎందుకంటే: సెకనుకు 48,000 శాంపిళ్లున్న ఆడియోను 4తో డెసిమేట్ చేస్తే 12,000 వస్తాయి. ఆ వేగంలో పట్టే గరిష్ఠ పౌనఃపున్యం 6,000 హెర్ట్జ్. ఫిల్టర్ పెట్టకుండా పారేస్తే, అసలు ఆడియోలో ఉన్న 7,000 హెర్ట్జ్ స్వరం 5,000 దగ్గర దొంగ స్వరంగా తేలుతుంది. ఒకసారి కలిశాక దాన్ని విడదీయలేం. కాబట్టి ముందు 6,000కి పైనున్నదాన్ని కోసేసి, తర్వాతే పారేయాలి. ఇంజినీర్లు లెక్కలకు వాడే మ్యాట్‌ల్యాబ్, సైపై రెండింటిలోనూ డెసిమేట్ అనే ఫంక్షన్ ఈ రెండు పనులూ తనే చేస్తుంది. తగ్గించే గుణకం 13 దాటితే ఒక్కసారి కాకుండా దఫాలుగా చేయమని వాటి సూచన: 40 కావాలంటే ముందు 8, తర్వాత 5.

వీడియోలో మళ్లీ రోమన్ లెక్క. వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌లోని డెసిమేట్ ఫిల్టర్ మామూలుగా ఐదు ఫ్రేముల్లో ఒకదాన్ని తీసేస్తుంది, నాలుగు ఉంటాయి. సెకనుకు 30 ఫ్రేములు 24 అవుతాయి.

త్రీడీ పనిలో ఉన్నవాళ్లకు ఇది రోజూ కనిపించే మాట. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో వస్తువును ఎంచుకుని, రెంచి బొమ్మ ఉన్న మాడిఫయర్స్ ట్యాబ్‌లో డెసిమేట్ చేర్చితే కొలాప్స్ పద్ధతి, దాని కింద రేషియో అనే గడి వస్తాయి. రేషియో 1 ఉంటే ఏమీ మారదు. 0.1 పెడితే ముఖాల్లో (బొమ్మ ఉపరితలాన్ని కూర్చే చిన్న పలకల్లో) సుమారు పదో వంతు మిగులుతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు: 10 శాతం తగ్గుతుందనుకుని 0.1 పెట్టి, బొమ్మ ముక్కూ మొహం లేకుండా అయిపోయాక కంగారుపడతారు. ఆ గడిలో పెట్టేది మిగలాల్సిన భాగం, పోవాల్సింది కాదు. క్రాసస్ చేసినట్టు పదో వంతు మాత్రమే తీయాలంటే 0.9.

కొలాప్స్ పద్ధతి నాలుగు మూలల ముఖాలను చాలావరకు త్రికోణాలుగా మారుస్తుంది. అందుకే కదలిక ఇవ్వబోయే పాత్రకు వాడితే మోచేతులు, మోకాళ్ల దగ్గర మడత వికారంగా వస్తుంది. దూరంగా కనిపించే రాళ్లు, విగ్రహాలు, స్కాన్ చేసిన గోడలకు ఇబ్బంది లేదు. కళ్లు, పెదవుల లాంటి చోట్ల వివరం పోకూడదంటే ఆ చోట్లను ఒక వర్టెక్స్ గ్రూపులో (ఎంచుకున్న మూల బిందువుల సమూహంలో) పెట్టి మాడిఫయర్‌కు చూపించాలి. చదునైన గోడలూ పలకలే ఎక్కువున్న భవనానికి ప్లానర్ పద్ధతి మెరుగు. ఒకే సమతలంలో ఉన్న ముఖాలను కలిపేస్తుంది, అంచులు చెడవు. రేషియోను ఒక్కసారిగా దించకుండా 0.5 దగ్గర ఆగి, కింద చూపించే ముఖాల లెక్క చూసి, బొమ్మను చుట్టూ తిప్పి చూడండి. అప్లై నొక్కే ముందు అసలు మోడల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి. ఫైలు సేవ్ చేసి మూసేశాక పోయిన ముఖాలను వెనక్కి తెచ్చే మీట లేదు.